ఎర్ర చొక్కా మూడున్నర!

అడిగిన ప్రశ్న ఇది: "ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసిన మా అబ్బాయి, వేసవి సెలవుల్లో హైవే పక్కన టిఫిన్ హోటల్లో పనికి వెళ్తానంటున్నాడు. వాళ్ళమ్మ ససేమిరా అంటోంది. నాకేం చెప్పాలో పాలుపోవడం లేదు. ఆ వయసులో అలాంటి చోట పనిచేసినవాళ్ళు ఉంటే, ఎలా ఉంటుందో చెప్పండి."

నేను చేశానండి. 1991లో పదో తరగతి పరీక్షలు రాసి, ఫలితాలు రాకముందే తుని దగ్గర ఐదో నంబరు రోడ్డు పక్కన ఒక టిఫిన్ హోటల్లో చేరాను. మరుసటేడు సెలవులు కూడా అక్కడే గడిచాయి. తర్వాత ఎక్కడెక్కడో తిరిగి, చివరికి అదే పనిలోకి వచ్చి పడ్డాను. కాకినాడలో 22 ఏళ్ళు సొంతంగా టిఫిన్ హోటల్ నడిపి, మోకాళ్ళు మొరాయిస్తే మొన్నీమధ్యే మా తమ్ముడి కొడుక్కి అప్పజెప్పాను. గల్లాపెట్టెకి అటూ ఇటూ నిలబడ్డవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను. మీకు తీరిక లేకపోతే ఇంతవరకే చదవండి: పంపండి. కానీ ఎవరి దగ్గరికి, ఏ పనికి, ఏ వేళల్లో పంపుతున్నారో మీరు స్వయంగా వెళ్ళి చూసి పంపండి.

ఆ రోడ్డుకి ఇప్పుడు 16 అని నంబరు. 2010లో మార్చారు. మా ఈడువాళ్ళకి మాత్రం అది ఇప్పటికీ ఐదో నంబరు రోడ్డే. మద్రాసు నుంచి కలకత్తా పోయే రోడ్డన్న మాటే గానీ, అప్పట్లో రెండు లారీలు ఎదురుపడితే ఒకదాని చక్రం మట్టిలోకి దిగాల్సిందే. తునికి ఒక పక్క తాండవ నది, వంతెన దాటితే పాయకరావుపేట. ఇంకో పక్క అన్నవరం. ఊరికి దగ్గర్లోనే లోవ తలుపులమ్మ తల్లి. కొత్త బండి కొన్నవాడు ముందు ఆవిడకి చూపించి గానీ రోడ్డెక్కించడు. ఆదివారం వచ్చిందంటే పసుపు రాసిన లారీలూ, బంతిపూల దండలు వేసిన కార్లూ, వండుకోడానికి గిన్నెలూ కట్టెలూ వేసుకుని ట్రాక్టర్ నిండా చుట్టాలూ. హోటల్ సరిగ్గా ఎక్కడో మాత్రం చెప్పను. యజమాని గురించి రెండు మంచి మాటలూ ఒక చెడ్డ మాటా చెప్పబోతున్నాను, ఆయన పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు.

హోటలంటే పెద్దగా ఊహించుకోకండి. ముందు రేకుల పంచ, వెనక తాటాకు వంటపాక, పక్కన వేపచెట్టు. ఆరు బల్లలు, బల్లకి నలుగురు. గల్లా దగ్గర సత్యనారాయణస్వామి పటం, దాని కింద సుద్దతో రాసిన "అరువు రేపు". పంచలో ఒక మూల టీ కాచే ఇత్తడి బాయిలరు, దాని కడుపులో బొగ్గులు. పొద్దున్న మూడున్నరకి దాన్ని రాజేస్తే, రాత్రి పదకొండింటికి గానీ చల్లారేది కాదు.

మొదటిరోజు నాకు బల్ల గుడ్డ ఇస్తారనుకున్నాను. తొట్ల దగ్గర కూర్చోబెట్టారు. మూడు తొట్లు: మొదటిదాంట్లో ఎంగిలి పోవాలి, రెండోదాంట్లో సబ్బుపొడి, మూడోదాంట్లో మంచినీళ్ళు. తొమ్మిదయ్యేసరికి మూడూ ఒకే రంగులోకి వచ్చేవి. నీళ్ళు మార్చాలంటే బావిలోంచి తోడాలి, తోడుతుంటే లోపల్నుంచి "ప్లేట్లేవిరా" అని కేక. నాలుగు రోజులకి వేళ్ళ సందులు పాచిపోయాయి. రాత్రి మా అమ్మ పసుపూ కొబ్బరినూనె కలిపి రాస్తే మంటకి నిద్ర పట్టేది కాదు. ఆ వారంలో ఆరు టీ గ్లాసులు పగలగొట్టాను. జీతం నెలకి 150 రూపాయలు, రెండు పూటలా తిండి. నెలాఖరుకి చేతికి 132 వచ్చాయి. గ్లాసుకి మూడు రూపాయల చొప్పున కోశారు. ఆ గ్లాసు సంతలో అంత ఖరీదు లేదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. అడిగే ధైర్యం లేక ఊరుకున్నాను. ఇదే నేను చెబుతానన్న చెడ్డ మాట. నా హోటల్లో 22 ఏళ్ళూ ఎన్ని గ్లాసులు పగిలాయో లెక్క రాశాను గానీ ఎవరి జీతంలోనూ కొయ్యలేదు. జారే సబ్బుచేతుల్లో గాజుగ్లాసు పెట్టి, పగిలితే డబ్బులిమ్మనడం ఏం న్యాయం?

తొట్ల దగ్గర నాతోపాటు ఇంకో పిల్లవాడుండేవాడు. పదకొండేళ్ళుంటాయేమో. రాత్రి బల్లలు రెండు కలిపి వాటి మీదే పడుకునేవాడు. నేను సెలవులకి వచ్చినవాణ్ణి, వాడు ఉండిపోయినవాడు. ఈ తేడా నాకప్పుడు తట్టలేదు. పైగా నాకంటే వేగంగా కడుగుతాడని వాడిమీద కుళ్ళుకునేవాణ్ణి కూడా. రెండో వేసవి వెళ్ళేసరికి వాడు లేడు. వాడి మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. హోటళ్ళలో, దాబాల్లో పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని పెట్టుకోకూడదని 2006 అక్టోబరు 10 నుంచి నిషేధం వచ్చింది, 2016లో చట్టాన్ని ఇంకా గట్టి చేశారు. ఆ వార్త పేపర్లో చదివిన రోజు ముందు వాడే గుర్తొచ్చాడు.

పది రోజులకి సప్లయర్ ఒకతను పెళ్ళికని ఊరెళ్ళాడు. నన్ను బల్లల మీదకి మార్చారు. అసలు చదువు అక్కడ మొదలైంది.

ఇప్పట్లా చీటీల్లేవు, మిషన్లు లేవు. తిన్నవాడు లేచి చెయ్యి కడుక్కుని గల్లా దగ్గరికి నడిచేలోపు సప్లయర్ ఉన్నచోటునుంచే అరవాలి: "ఎర్ర చొక్కా మూడున్నర!" "కళ్ళజోడు రెండూ ముప్పావలా!" "పెద్దాయనా, మనవడూ కలిపి అయిదు!" యజమాని తలెత్తకుండా ఆ డబ్బు తీసుకుంటాడు. నీ గొంతే బిల్లు. ప్లేటు ఇడ్లీ రూపాయిన్నర, నాలుగుండేవి. పెసరట్టు రెండు రూపాయలు. టీ ముప్పావలా. అంకెలు చిన్నవే. కానీ ఇరవైనాలుగు మంది ఒకేసారి కూర్చుని, ఒకడు ఇడ్లీ అయ్యాక అట్టు చెప్పి, ఒకడు సగం తిని ప్లేటు మార్చమని, ఒకడు బల్ల మారి ఫ్యాన్ కిందికి పోతుంటే తలలో అన్నీ కలిసిపోయేవి.

మూడు రోజులు రోజూ తిట్లు తిన్నాను. నాలుగో రోజు పాత సప్లయర్ ఒకాయన బీడీ తాగుతూ చెప్పాడు. "ఎవడేం తిన్నాడో గుర్తెట్టుకోకురా. ఎంతైందో ఒక్క అంకె గుర్తెట్టుకో. అడిగినప్పుడల్లా దానికి కలుపు, పాతది మర్చిపో." అంతే. మూలబల్ల కిటికీ పక్కవాడు రూపాయిన్నర. పెసరట్టు అడిగాడు, మూడున్నర. టీ అడిగాడు, నాలుగుంపావు. ఇడ్లీ తిన్నాడా గారె తిన్నాడా నాకనవసరం. ఈ కిటుకు తెలిశాక వారంలో పట్టు దొరికింది. ఇంటర్లో లెక్కల మాస్టారు నోటిలెక్కలు ఎక్కడ నేర్చావని అడిగితే, హోటల్లో అంటే నవ్వుతారని ట్యూషన్లో అని చెప్పాను.

కిటుకు చతికిలబడిన రోజూ ఒకటుంది. వైశాఖంలో అన్నవరం కొండ మీద పెళ్ళిళ్ళు ఎలా ఉంటాయో ఈ పక్కవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెల్లారుజామున ముహూర్తం ముగించుకుని ఒక పెళ్ళిబస్సు మా ముందు ఆగింది. మగవాళ్ళందరూ తెల్లచొక్కాలే, నుదుట బొట్టే. నేను "తెల్లచొక్కా నాలుగుంపావు" అని అరిస్తే ఐదుగురు వెనక్కి తిరిగారు. గల్లా దగ్గర గోల. మా యజమాని లేచొచ్చి, నన్ను ఒక్క మాట అనకుండా, బస్సులో ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దాయన దగ్గరికెళ్ళి "మొత్తం నలభైమూడు మందండి బాబూ" అని దణ్ణం పెట్టాడు. ఆయన జేబులోంచి నోట్లు తీసి ఇచ్చేశాడు. వెనక్కొచ్చాక నాతో అన్నాడు: "పెళ్ళివారి దగ్గర ఒక్కొక్కడి లెక్కా కట్టకురా, పెద్దమనిషిని పట్టుకో." ఇది మొదటి మంచి మాట.

ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ ఆగితే పది నిమిషాలు. డ్రైవరుకీ కండక్టరుకీ లోపల వేరే బల్ల, వాళ్ళకి లెక్క లేదు. ఆ బల్ల మీద నెయ్యి కూడా ఉండేది. ఎందుకో నేను చెప్పక్కర్లేదు, రేపు బస్సు ఏ హోటల్ ముందు ఆగాలన్నది వాళ్ళ చేతుల్లో పని. బస్సు దిగినవాళ్ళలో మూడు రకాలు. దిగుతూనే ఆర్డర్ చెప్పేవాళ్ళు. గోడ మీద ధరలు చదివి, జేబు తడుముకుని, టీ ఒక్కటే చెప్పేవాళ్ళు. నీళ్ళు మాత్రం తాగి వేపచెట్టు కింద నిలబడేవాళ్ళు. ఈ మూడో రకాన్ని చూసీ చూడనట్టు ఉండాలని యజమాని ఆజ్ఞ. "నీళ్ళకి లెక్క లేదు, నీళ్ళు తాగినవాణ్ణి టిఫిన్ ఏం కావాలని అడగకు." ఇది రెండో మంచి మాట. గ్లాసుకి మూడు రూపాయలు కోసినవాడూ ఈయనేనా అని నాకు చాలాకాలం అర్థం కాలేదు. సొంత హోటల్ పెట్టాక ఆశ్చర్యం పోయింది. మనుషులు అలాగే ఉంటారు.

ఇక వంటపాక. అట్ల మాస్టారు శ్రీకాకుళం వైపు మనిషి. మాట తక్కువ, తిట్టు ఎక్కువ. మధ్యాహ్నం రెండింటికి జనం పలచబడ్డాక నేను తలుపు దగ్గర నిలబడి చూస్తుంటే, వారం తర్వాత గానీ లోపలికి రమ్మనలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నదే తర్వాత నాకు అన్నం పెట్టింది కాబట్టి ఇది కొంచెం వివరంగా చెబుతాను. వంటమీద ఆసక్తి లేనివాళ్ళు రెండు పేరాలు దాటెయ్యండి.

మన వైపు హోటల్ ఇడ్లీకి ఒక వంతు మినపగుళ్ళకి రెండు, రెండున్నర వంతుల ఇడ్లీరవ్వ. రుబ్బింది చాలా లేదా అని తెలియడానికి ఆయన చిటికెడు మినప్పిండి తీసి నీళ్ళ గిన్నెలో వదిలేవాడు. తేలితే చాలు, మునిగితే ఇంకా తిప్పాలి. మే నెలలో పిండి ఐదారు గంటల్లో పొంగి నెత్తికెక్కుతుంది, తెల్లారేసరికి పుల్లకంపు. అందుకని రాత్రి వీలైనంత ఆలస్యంగా రుబ్బి, గిన్నెల్ని నీళ్ళ తొట్టిలో నిలబెట్టేవాళ్ళం. చలికాలం అదే పిండి పది పన్నెండు గంటలైనా కదలదని, గోనెపట్టా కప్పి పొయ్యి పక్కన పెడతామని చెప్పేవాడు. ఎంతసేపు ఉంచాలి మాస్టారూ అని అడిగితే, "పిండిని నువ్వడగక్కర్లేదురా గుంటడా, అదే సెప్తాది" అనేవాడు. రేకుల మీద తడిగుడ్డ పరిచి పిండి వేస్తే, ఇడ్లీ ఊడి రావడానికి నూనె అక్కర్లేదు. పాత్ర మూత తీసేటప్పుడు మూతని మనకి అడ్డంగా ఉండేట్టు అవతలివైపు ఎత్తాలి, ఆవిరి అటు పోతుంది. ఈ ముక్క నాకు చెయ్యి కాలాక చెప్పాడు.

పెసరట్టుకి పులవడం లేదు, పొట్టు పెసలు నానితే చాలు, అల్లం పచ్చిమిర్చి వేసి రుబ్బడమే. కష్టమంతా పెనంతోనే. పెనం మరీ కాలితే పిండి గరిటెకే చుట్టుకుంటుంది, కాలకపోతే పెనాన్ని వదలదు. నీళ్ళు చిలకరించి చీపురుతో ఊడ్చి, సగం కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి రుద్ది, అప్పుడు గరిటె తిప్పాలి. మధ్యలోంచి మొదలుపెట్టి, చెయ్యి ఎత్తకుండా. నా మొదటి పాతిక అట్లూ ఆంధ్రదేశం పటంలా వచ్చాయి. వాటిని పారెయ్యనివ్వలేదు, మా రాత్రి భోజనం అవే. చట్నీ సంగతి అడక్కండి. ఆరింటికి గట్టిగా, గరిటె నిలబడేట్టు ఉండేది. ఎనిమిదింటికి జారు. పదింటికి గోదావరి. పెద్ద గుంపు దిగినప్పుడల్లా యజమాని వెనక్కి వచ్చి చెంబుతో నీళ్ళు పోసేవాడు. మాస్టారు మొహం తిప్పుకునేవాడు.

చెయ్యి కాలిన రోజు మాస్టారు గల్లాలోంచి నీలం సిరాసీసా తెప్పించి చెయ్యంతా పోశాడు. అప్పట్లో హోటళ్ళలో అదే వైద్యం, లేకపోతే రుబ్బిన పిండి. రెండూ తప్పే. మీవాడికి ముందే చెప్పండి: కాలిన చోట కుళాయి కింద పెట్టి ఇరవై నిమిషాలు మామూలు నీళ్ళు పారించాలి. సిరా వద్దు, పేస్టు వద్దు, ఐసు వద్దు. బొబ్బ లేస్తే డాక్టరు దగ్గరికి. నా మణికట్టు మీద మచ్చ ఇప్పటికీ ఉంది. అది కాలినందుకు కాదు, సిరా పోసి గుడ్డ కట్టి మళ్ళీ తొట్ల దగ్గర కూర్చోబెట్టినందుకు.

రాత్రిళ్ళు హోటల్ వేరే మనిషి. పగలు చంటిపిల్లలు, భక్తులు, మామిడికాయల కమిషన్ కొట్లకి వచ్చే రైతులు. మే నెలంటే తునిలో సువర్ణరేఖ కాలం, బల్లల కింద గంపలు, పంచ అంతా ఎండుగడ్డీ పండ్ల వాసనా. రాత్రి పదయ్యాక లారీలు. ఐసు కరిగి నీళ్ళు కారుతూ హౌరా పోయే చేపల లారీలైతే గాలి ఎటుందో చూసి ఆపమనేవాళ్ళం. క్లీనర్ దిగి ఇనపరాడ్‌తో టైర్లు కొట్టుకుంటూ చుట్టూ తిరిగేవాడు. ఆ చప్పుడు వినే మా బాయిలర్ దగ్గరి అతను ఎన్ని గ్లాసులు పెట్టాలో చెప్పేసేవాడు. రాత్రి డ్రైవర్లకి టీ వేరు: డికాషన్ ఎక్కువ, పంచదార ఎక్కువ, పాలు ఏదో చూపించినట్టు.

1991 మే 21 రాత్రి నేను డ్యూటీలో ఉన్నాను. ఆ రోజు రాజీవ్ గాంధీ విశాఖపట్నంలో ప్రచారం చేసి మద్రాసు వెళ్ళారు. ఆ విశాఖ సభ చూసి తిరిగొస్తున్న జీపొకటి రాత్రి పదిన్నర ప్రాంతంలో మా దగ్గర ఆగింది. మెళ్ళో కండువాలు, బొంగురు గొంతులు, ఆయన్ని ఎంత దగ్గర్నుంచి చూశారో ఒకరికి మించి ఒకరు చెప్పుకుంటున్నారు. ఎనిమిది టీలు, ఆరు రూపాయలు. వాళ్ళు టీ తాగుతున్న ఆ సమయానికి శ్రీపెరుంబుదూరులో ఆయన హత్య జరిగిపోయిందని మాకెవరికీ తెలియదు. తెల్లారుజామున రేడియో పెట్టగానే బాయిలర్ అతను గ్లాసు కింద పెట్టేశాడు. యజమాని పరుగున వచ్చి తడికెలు దింపించాడు.

ఆ రోజంతా బంద్. రోడ్డు మీద ఎటు చూసినా ఆగిపోయిన లారీలు. గుంటూరు మిరపకాయల లారీ ఒకటి వేపచెట్టు కిందే నిలిచి మా అందరికీ తుమ్ములు. ముందు తలుపు మూసి, వెనక వంటపాక వైపు నుంచి డ్రైవర్లకి పెట్టాం. మధ్యాహ్నానికి ఇడ్లీపిండి అయిపోయింది. ఉప్మా చేశాం, రవ్వా అయిపోయింది. అప్పుడు ఒక పంజాబీ డ్రైవరు, మనిషి తలుపంత ఎత్తు, లోపలికొచ్చి గోధుమపిండి డబ్బా చూపించి ఏదో అన్నాడు. మాస్టారు తన పెనం ఎవర్నీ ముట్టుకోనివ్వడు. నన్నొకసారి గరిటె పుచ్చుకున్నందుకు వీపు చీరేశాడు. ఆ రోజు మాత్రం పక్కకి జరిగాడు. సర్దార్జీ మా అట్లపెనం మీద రొట్టెలు కాల్చి, ఒక్కొక్కదాన్నీ నిప్పుల మీద ఒక్క క్షణం పెట్టి బూరెలా పొంగిస్తుంటే మాస్టారు కన్నార్పకుండా చూశాడు. మూడో రొట్టెకి పీట ముందుకి లాక్కుని తనే వత్తడం మొదలుపెట్టాడు. ఇద్దరికీ ఒక్క మాట కలవదు. ఆ సాయంత్రం దాకా ఇద్దరూ కలిసి ఎన్ని కాల్చారో నేను లెక్కపెట్టలేదు, గల్లా దగ్గర కూడా ఎవరూ లెక్కపెట్టలేదు. నెల తిరక్కుండా మా గోడ మీద ధరల పట్టీలో కొత్త వరస వచ్చింది: ఫుల్కా, రాత్రి మాత్రమే.

హోటల్ ఇప్పుడు లేదు. 1999లో నాలుగు మహానగరాల్ని కలిపే స్వర్ణ చతుర్భుజి రోడ్లకి శంకుస్థాపన జరిగి, తర్వాత కొన్నేళ్ళకి మా వైపూ నాలుగు వరసల రోడ్డు వచ్చింది. అందరూ రోడ్డు పడితే వ్యాపారం పెరుగుతుందనుకున్నారు. మధ్యలో డివైడర్ కట్టేసరికి అవతలివైపు పోయే బండ్లు ఆగడం మానేశాయి, ఒక్క దెబ్బకి సగం గిరాకీ పోయింది. ఇవతలివైపు లారీ కూడా వేగం మీద ఉంటుంది, దూరం నుంచి కనపడే పెద్ద దాబాకైతే ఆగుతుంది గానీ వేపచెట్టు చూసి ఆగదు. మీవాడు వెళ్తానంటున్న హోటల్ కూడా హైవే మీదే అన్నారు కదా, అది బండ్లు మలుపు తిరిగే చోట ఉందా లేదా ఊరికే గమనించమనండి. హోటల్ వ్యాపారంలో సగం అదే.

ఇక మీరడిగిన విషయం. మీవాడికి పదహారో పదిహేడో ఉంటాయి. పద్నాలుగు దాటినవాళ్ళు ప్రమాదకరం కాని పనులు చేయొచ్చు, కానీ చట్టంలో వేళల కట్టుబాటు ఉంది. పద్దెనిమిది నిండనివాళ్ళని రాత్రి ఏడు నుంచి పొద్దున్న ఎనిమిది మధ్య పనిలో ఉంచకూడదు. మూడు గంటలకి మించి ఏకధాటిగా చేయించకుండా గంట విశ్రాంతి ఇవ్వాలి. విశ్రాంతితో కలిపి మొత్తం ఆరు గంటలు దాటకూడదు. వారానికొక సెలవు. టిఫిన్ హోటల్ ప్రాణమంతా ఎనిమిది లోపలే ఉంటుందని తెలిసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా, యజమాని తప్పకుండా "ఐదింటికి పంపండి" అంటాడు. కుదరదని చెప్పండి. ఎనిమిది నుంచి రెండు. దానికి ఒప్పుకోని చోటు మీకక్కర్లేదు. మా రోజుల్లో నేను రాత్రి పొద్దుపోయేదాకా చేశాను, గొప్పగా చెప్పుకుంటున్నాను కూడా. కానీ ఆ రెండు వేసవులూ మధ్యాహ్నం పుస్తకం తెరిస్తే కళ్ళు మూతలుపడేవి, ఇంటర్ అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. అది హోటల్ తప్పే.

చేరేముందు మీరొకసారి మామూలు గిరాకీలా వెళ్ళి టీ తాగి రండి. తాగుతూ తొట్ల వైపు చూడండి. అక్కడ చిన్నపిల్లలుంటే లేచి వచ్చెయ్యండి. సప్లయర్‌ని యజమాని ఎలా పిలుస్తున్నాడో వినండి. జీతం ఎంతో, ఏ తారీఖుకో, పగిలినవాటి సంగతేంటో ముందే నోటితో అనిపించుకోండి. మొహమాటపడకండి, మొహమాటం ఖరీదు నాకు 18 రూపాయలు. డబ్బు మీవాడి చేతికే ఇమ్మనండి, మీకు కాదు.

తొట్ల దగ్గర వారం ఉండటం మంచిదే, రెండు వారాలు దాటితే మాత్రం వెళ్ళి అడగండి. అక్కడే నెలంతా కూర్చుంటే మీవాడు నేర్చుకునేది పాచిపోయిన వేళ్ళకి మందు ఒక్కటే. బల్లల మీదకి మార్చాలి, మధ్యాహ్నం పూట వంటగదిలో ఓ మూల నిలబడనివ్వాలి. ఇప్పుడు బిల్లులు మిషనే కొడుతుంది, మీవాడు "ఎర్ర చొక్కా" అని అరవక్కర్లేదు. అయినా తలలో లెక్క కట్టుకుంటూ ఉండమనండి, కరెంటు పోయినప్పుడు తెలుస్తుంది వాడి విలువ.

వాళ్ళమ్మగారికి ఒక మాట. నేను చేరిన రోజు మా అమ్మ కూడా వద్దనే అంది, "ఎంగిలి పళ్ళాలెత్తడానికా నిన్ను చదివించింది" అని ఏడ్చింది. మొదటి జీతం 132లో వంద ఆవిడ చేతిలో పెట్టాను. లెక్కపెట్టి, మడతపెట్టి బియ్యం డబ్బాలో దాచింది. ఏమీ అనలేదు. మర్నాడు నేను లేచేసరికి మాత్రం నా బనీనూ నిక్కరూ ఉతికి ఆరేసి ఉన్నాయి, అప్పటిదాకా నెలంతా అవి నేనే ఉతుక్కున్నాను.

మిగిలిన 32లో రబ్బరు చెప్పులు కొనుక్కున్నాను, ఉన్నవి తొట్ల దగ్గర నీళ్ళలో నాని తెగిపోయాయి. మీరు మాత్రం ఒక జతతో సరిపెట్టకండి, అడుగు జారనివి చూసి రెండు జతలు కొనివ్వండి. ఒక జత ఎప్పుడూ తడిగానే ఉంటుంది.